హస్తవాసి ఎదుట ఆగని లిఫ్టు

ఆ ఏడంతస్తుల మేడలో లిఫ్టు పదిహేనోసారి ఆగిపోయింది. పదిహేనోసారి కూడా మెకానిక్కు లోపలికి అడుగుపెట్టగానే, అమ్మ చేతి బెత్తం చూసిన పిల్లలా బుద్ధిగా కదిలింది.

కింద నుంచి ఏడుకి, ఏడు నుంచి కిందికి. తలుపులు కుదుపు లేకుండా తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నాలుగో అంతస్తులో ఆపి చూస్తే గడపకీ లిఫ్టు నేలకీ మధ్య ఎగుడుదిగుడు లేదు. మెకానిక్కు రిపోర్టు పుస్తకం తెరిచి, ఎనిమిది నెలల్లో పద్నాలుగుసార్లు రాసిన ముక్కే మళ్లీ రాశాడు. లోపం కనబడలేదు.

తోటి మెకానిక్కులు అతన్ని హస్తవాసి అనేవారు. మంచి డాక్టరు నాడి పట్టుకుంటే జ్వరం దిగినట్టు, ఇతను గుమ్మంలోకి వస్తే చాలు, మిషన్లు దారికొస్తాయని. మొదట ఎగతాళికి పెట్టిన పేరే. ఇరవై రెండేళ్లలో ఎగతాళి అరిగిపోయి పేరు మిగిలింది. అతను పైకి "అదేం లేదండీ" అనేవాడు గానీ, ఎవరూ లేనప్పుడు మోటారు మీద చెయ్యేసి, "ఏమ్మా, ఎందుకీ అల్లరి?" అని అడిగేవాడు. మోటారు సణగడం మానేసేది. మానేసినట్టు అతనికి అనిపించేది.

ఆ సోమవారం మధ్యాహ్నం అదే హస్తవాసి అతని పీకల మీదికొచ్చింది.

కంపెనీ ఆఫీసులో మేనేజరమ్మ పదిహేను కాగితాలు బల్ల మీద పేకముక్కల్లా పరిచింది.

"ఇవేంటి?"

"నా రిపోర్టులండి."

"ఏం రాసుంది?"

"లోపం కనబడలేదని."

"పదిహేనింట్లోనూ?"

"చేతిరాత కొంచెం కొంచెం తేడా ఉంటుందండి."

మేనేజరమ్మ నవ్వలేదు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఆ ఆఫీసులో ఇద్దరే, వాళ్లిద్దరూ ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నారు. "లిఫ్టు పదిహేనుసార్లు ఆగింది. మీకు పదిహేనుసార్లూ ఏమీ కనబడలేదు. ఇద్దర్లో ఒకరు నాకు కథలు చెబుతున్నారు. లిఫ్టుకి నోరు లేదు."

మేనేజరమ్మ కాగితాలు కట్టకట్టి పక్కన పెట్టింది.

"శుక్రవారం పదకొండు గంటలకి నేనే వస్తున్నా. అప్పటికి లోపమేంటో మీ చేత్తో రాసి నాకివ్వాలి. లేకపోతే శనివారం నుంచి గోడౌనుకి వెళ్లండి."

గోడౌను ఊరి చివర రేకుల షెడ్డు. అక్కడ పని, కలిసిపోయిన బోల్టుల్ని సైజుల వారీగా ఏరడం. ఆరేళ్లుగా ఏరుతున్న పాత ఉద్యోగి ఒకాయన ఇప్పుడు మనుషులతో మాట్లాడటం మానేసి, బోల్టుల్ని వరసలు పెట్టి పిలుస్తున్నాడు. అన్నిటికంటే హస్తవాసి గుండెలో గుచ్చుకున్నదేమిటంటే, ఆ షెడ్డుకి పై అంతస్తు లేదు. జీవితమంతా పైకీ కిందికీ తిరిగినవాడు అడ్డంగా ఎలా బతుకుతాడు?

ఇంట్లో సంగతి చెప్పాడు. భార్య సిటీ బస్సులో కండక్టరు. పదిహేనేళ్లుగా కిక్కిరిసిన బస్సులో గొంతుతోనే దారి చేసుకుంటున్న మనిషి.

"మిమ్మల్ని చూసి మిషన్లు భయపడతాయంటారు కదా. మరి మన మిక్సీ నాలుగు నెల్లుగా మూలన పడుంది. దానికి మీరెవరో తెలీదా?"

"అది చిన్న మిషను. దాని స్థాయికి నేను దిగను."

"సరే. గోడౌనుకి బస్సు రెండుసార్లు మారాలి. పొద్దున్నే ఐదున్నరకి బయల్దేరాలి, ఇప్పుడే చెబుతున్నా" అని ఆవిడ దుప్పటి కప్పుకుంది.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, వస్తున్నానని కంపెనీ పద్ధతి ప్రకారం ఫిర్యాదు చేసినవాళ్లకి ముందుగా ఫోను చేసి మరీ వెళ్లి, లిఫ్టు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కళ్లల్లో వత్తులు వేసుకుని చూశాడు. లిఫ్టు రెండొందల పద్దెనిమిదిసార్లు పైకి వెళ్లింది, అన్నేసార్లు దిగింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

నాలుగో అంతస్తు పళ్ల డాక్టరు అటుగా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. పదిహేను ఫిర్యాదుల్లో పదిహేనూ ఆయనవే.

"ఏవయ్యా, కాపలా కాస్తున్నావా? నువ్విలా కూర్చుంటే అది ఆగదు. నువ్వటు వెళ్లగానే ఆగుతుంది. నా పేషెంట్లు నాలుగంతస్తులు ఎక్కొస్తున్నారు. నోరు తెరవమనే పని లేకుండా ఆయాసంతో వాళ్లే తెరుస్తున్నారు."

"డాక్టరు గారూ, అది నా ముందు ఆగట్లేదండి. నేనేం చెయ్యను?"

"నువ్వు లేనట్టు ఉండు" అని ఆయన లిఫ్టెక్కి వెళ్లిపోయాడు.

ఆ మాట మెట్ల మీద కూర్చున్న ఇంకో మనిషి చెవిన పడింది. ఆరో అంతస్తులో ట్యూషన్లు చెప్పే ఫిజిక్స్ మాస్టారు. కాలేజీ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మోకాళ్లు సహకరించవు. లిఫ్టు ఆగినప్పుడల్లా ఒక్కో మెట్టునీ పేరుపేరునా తిట్టుకుంటూ ఎక్కుతాడు. ఆయన కళ్లు ఒక్కసారిగా మెరిశాయి.

"ఏమన్నాడూ? లేనట్టు ఉండమన్నాడా? ఆ మనిషికి తెలీకుండానే పెద్ద మాట అన్నాడయ్యా."

మాస్టారు అతన్ని తన గదికి తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టి సుద్దముక్క అందుకున్నాడు.

"అణువుల లోకంలో ఒక చోద్యం ఉంది. నువ్వు కొలవనంతసేపూ అది ఇలానూ ఉండొచ్చు, అలానూ ఉండొచ్చు. కొలిచావా, చచ్చినట్టు ఏదో ఒకటై కూర్చుంటుంది. ఇదంతా మనిషి మనసు చూడటం వల్లేనని కొందరు, కొలిచే పరికరం వల్లేనని ఇంకొందరు. ఎన్నేళ్లు గడిచినా పెద్దపెద్దవాళ్ల తగువు తెగలేదు."

"లిఫ్టు అణువు కాదు కదండీ. ఆరొందల కిలోలు."

"అణువులు కూడితేనే కదా లిఫ్టయ్యింది. విడివిడిగా సిగ్గుపడేవి, కలిసినంత మాత్రాన సిగ్గు వదిలేస్తాయా?" అని మాస్టారు ఆగి, నిజాయితీపరుడు కనక, "ఇది పుస్తకాల్లో లేదు. నేను అంటున్నది. తప్పే కావచ్చు. కానీ ముప్పై నాలుగేళ్లు పిల్లలకి లెక్కలు కట్టి చూపించాను గానీ ఒక్క చోద్యమైనా కళ్లారా చూపించలేదయ్యా. ఇది వదిలేస్తే మళ్లీ దొరకదు" అన్నాడు.

హస్తవాసికి సగం కూడా అర్థం కాలేదు. కానీ ఎవరో చదువుకున్నవాడు, నువ్వు చూస్తే లోకం సర్దుకుని కూర్చుంటుందని చెబుతున్నాడు. కాదనబుద్ధి కాలేదు. పైగా శుక్రవారం తరుముకొస్తోంది.

ప్రయోగాలు మొదలయ్యాయి.

మొదటిది, హస్తవాసి కళ్లకి గుడ్డ కట్టుకుని ఎక్కడం. లిఫ్టు నడిచింది. రెండోది, వెనక్కి నడుస్తూ ఎక్కడం. నడిచింది, కాకపోతే మూడో అంతస్తులో ఎక్కబోతున్న ఒకావిడ అతన్ని చూసి మెట్ల దారి పట్టింది. మూడోది కష్టమైనది. ఒళ్లు లిఫ్టులో ఉండాలి, మనసు ఉండకూడదు.

"లిఫ్టు గురించి ఆలోచించకు" అన్నాడు మాస్టారు.

"మరి ఏం ఆలోచించను?"

"మీ ఆవిడ గురించి ఆలోచించు."

"ఆవిడ గుర్తొస్తే ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకుంటానండి."

"పోనీ, పదిహేడో ఎక్కం చెప్పు."

పదిహేడు నాలుగుల దగ్గర అతను ఆగాడు గానీ లిఫ్టు ఆగలేదు.

మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకుని గడ్డం గీరుకున్నాడు. "అయితే నీ మనసు కాదు, నీ రూపమే చాలేమో. ఫోటో ఉందా?"

హస్తవాసి కంపెనీ గుర్తింపు కార్డు మీది ఫోటోని కింది జిరాక్సు కొట్టులో చాటంత చేయించారు. కార్డు ఫోటోల్లో ఎవరైనా దొంగల్లాగానే ఉంటారు. అతను మాత్రం దొంగని పట్టుకున్నవాడిలా ఉన్నాడు. కళ్లు సూటిగా, ఎటు నిలబడితే అటే చూస్తున్నాయి. దాన్ని అట్టకి అంటించి, లిఫ్టు లోపలి గోడకి తాడుతో వేలాడదీశారు.

బుధవారం లిఫ్టు ఆగలేదు. హస్తవాసి ఆ చుట్టుపక్కల లేడు. రెండు వీధుల అవతల వేరే మేడలో ఉన్నాడు. అయినా ఆగలేదు.

సాయంత్రం మాస్టారు ఫోన్లో ఊపిరాడకుండా చెప్పాడు. "ఫోటో చాలయ్యా. ఫోటో చాలు."

హస్తవాసి ఆ రోజు వీధిలో నడిచిన నడక వేరు. సిగ్నలు దగ్గర ఎర్ర దీపం వైపు ఓసారి తీక్షణంగా చూశాడు. అది పచ్చబడింది. ఎలాగూ పచ్చబడేదే, కానీ చూశాడు.

ఇంటికెళ్లేసరికి భార్య ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "మధ్యాహ్నం నుంచి ఐదుగురు ఫోన్ చేశారు. ఎవరో లిఫ్టులో మీ ఫోటో పెట్టారట. మీరు తప్పిపోయారనుకుని కింద ఉన్న కంపెనీ నంబరుకి చేస్తే, వాళ్లు ఇంటి నంబరిచ్చారట. ఒకాయనైతే మిమ్మల్ని బస్టాండులో చూశానని ఒట్టేశాడు."

"నువ్వేమన్నావ్?"

"ఈసారి కనబడితే ఇంటికి మిక్సీ బాగుచేసేవాణ్ని కూడా వెంటబెట్టుకు రమ్మనండి అన్నా."

గురువారం పదకొండుంపావుకి లిఫ్టు ఆగింది.

పళ్ల డాక్టరు ఫిర్యాదు కంపెనీకి, అక్కడి నుంచి హస్తవాసికి చేరింది. అతను పద్ధతి ప్రకారం ఫోన్ చేసి చెప్పి, అరగంటలో చేరుకున్నాడు. లిఫ్టు నడిచింది. కానీ లోపలికి అడుగుపెట్టగానే అతను అక్కడే నిలబడిపోయాడు. ఫోటో గోడ వైపు తిరిగి ఉంది. ఎవరో అట్టని పట్టుకుని నీటుగా తిప్పేశారు.

ఎక్కడివక్కడ వదిలేసి మాస్టారు పాఠంలోంచి బయటికొచ్చాడు. "చూశావా. ముఖం ఇటుంటే నడిచింది, అటు తిరిగితే ఆగింది. ఇంతకంటే ఏం కావాలి?"

"లోపం కావాలండి. రేపు మేడమ్ వస్తోంది."

"లోపమే అక్కర్లేదయ్యా. నువ్వు లేకపోవడమే లోపం. అదే రాసివ్వు."

హస్తవాసి ఆ మాట కాగితం మీద రాసి చూసుకున్నాడు. లోపం: నేను లేకపోవడం. చదివితే రాజీనామా ఉత్తరంలా ఉంది. చింపేశాడు.

అదలా ఉండగా, శుక్రవారం తెల్లవారేసరికి ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. భార్య కుడి బుగ్గ బంతిలా వాచింది. రాత్రంతా కన్ను మూతపడలేదు. ఏ బస్సులోనైనా వెనక చివరిదాకా వినబడే గొంతు ఇప్పుడు ముక్కులోంచి వస్తోంది. వారం రోజుల దాకా పళ్ల డాక్టర్లెవరూ ఖాళీ లేరు, ఒక్కరు తప్ప. ఆవిడే తన ఫోను నుంచి పదిన్నరకి సమయం తీసుకుంది.

"ఎక్కడ?" అన్నాడు హస్తవాసి.

చెప్పింది. అదే మేడ. నాలుగో అంతస్తు.

అతను యూనిఫాం వేసుకోలేదు. స్పానర్ల సంచీ తీసుకోలేదు. ముందుగా ఫోన్ చేసి చెప్పడానికి ఇది డ్యూటీ కాదు. గళ్ల చొక్కా తొడుక్కుని, ఒక చేత్తో నీళ్ల సీసా, ఇంకో చేత్తో భార్య భుజం పట్టుకుని, "నెమ్మది, నెమ్మది" అంటూ లిఫ్టులోకి ఎక్కించాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి అతని బుర్రలో లిఫ్టు లేదు. పదకొండు గంటలకి రాబోయే మేనేజరమ్మ కూడా లేదు. ఆ బుగ్గ ఒక్కటే ఉంది.

తలుపులు మూసుకున్నాయి. ఒకటి. రెండు. మూడు.

ఆగింది.

మూడుకీ నాలుగుకీ మధ్య, చిన్న టక్కుమనే చప్పుడుతో. దీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. కరెంటు పోలేదు.

హస్తవాసి మెల్లగా తలెత్తాడు. నాలుగో నంబరు మీట నొక్కాడు. కదల్లేదు. కింద మీట నొక్కాడు. కదల్లేదు. అతని ముఖం విచ్చుకోవడం మొదలైంది.

"ఆగింది" అన్నాడు.

భార్య బుగ్గ పట్టుకుని కళ్లెర్రజేసింది.

"నా ముందే ఆగింది. నేను లోపల ఉండగా ఆగింది. చూశావా, చచ్చినట్టు ఆగింది."

"ఏమండీ" అంది ఆవిడ పళ్లు కలపకుండా, "మీ కాళ్లు పట్టుకుంటా, ముందు ఏడవండి. తర్వాత నవ్వుకుందురుగాని."

అప్పుడు ఆవిడ చూపు గోడ మీద పడింది. అట్ట వెనక్కి తిరిగి వేలాడుతోంది. "మిమ్మల్నెవరో మూల నిలబెట్టారు" అంది.

అతను ఇంకేదో అనబోయేలోగా ఫోను మోగింది. మేనేజరమ్మ. పదకొండుకి రావలసిన మనిషి పది నలభైకే వచ్చింది.

"నేను కింద ఉన్నాను. లిఫ్టు రావట్లేదు. మీరెక్కడ?"

"లిఫ్టులోనేనండి."

"బాగుచేస్తున్నారా?"

"లేదండి. ఇరుక్కున్నాను." ఆ మాట చెప్పడానికి అతనికి ఎంత సంతోషం వేసిందంటే, అవతల మేనేజరమ్మ ఫోను చెవి నుంచి తీసి ఓసారి చూసుకుంది.

"సరే. లోపమేంటి?"

హస్తవాసి ఉత్సాహం అక్కడే చప్పబడింది. లోపం పైన మోటారు గదిలో ఉంది. తను ఇక్కడ వేలాడుతున్నాడు. తను పైకి చేరాలంటే లిఫ్టు బాగవ్వాలి, లిఫ్టు బాగైతే లోపం మళ్లీ మాయమవుతుంది.

"మేడమ్, మీరే పైకెక్కాలి. మోటారు గది తాళంచెవి వాచ్‌మన్ కుర్చీ వెనక మేకుకుంటుంది."

"మేకుకి ఏమీ లేదు."

"లేదా? ఎప్పుడూ అక్కడే ఉంటుందండి."

"ఎప్పుడూ అంటే, మీరు వచ్చినప్పుడల్లానా?" అంది మేనేజరమ్మ. ఆ ప్రశ్న అడిగింది గనకే ఆవిడ మేనేజరయ్యింది. ఇరవై ఏళ్ల కిందట ఆవిడా స్పానరు పట్టుకుని మోటారు గదుల్లో పాకిన మనిషే. చీర కొంగు దోపుకుని మెట్లెక్కింది. ఫోను ఆపలేదు. లిఫ్టులో హస్తవాసి, భార్య ఆ ఆయాసం వింటూ నిలబడ్డారు. ఐదు. ఆరు. ఆరులో సుద్దముక్కతో మాస్టారు కలిశాడు. ఏడు దాటాక ఇనుప మెట్లు. తలుపు కిర్రుమంది. దానికి తాళం వేసి లేదు.

హస్తవాసి ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"మేడమ్, ఏం కనబడుతోంది?"

"ఆకుపచ్చ దయ్యాలు" అంది మేనేజరమ్మ. "ఆరు. చేతులు చాపుకుని వేలాడుతున్నాయి."

అవి పళ్ల డాక్టరు ఆపరేషన్లప్పుడు వేసుకునే గౌన్లు. మోటారు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు కట్టి ఉంది. తాడు నిండా ఆరేసిన గౌన్లు. నడుమనున్న ఒక గౌను చేతి అంచు నుంచి చుక్క, తర్వాత చుక్క, కింద ఉన్న కంట్రోలు పెట్టె మీద పడుతోంది. పెట్టెకి పైన గాలి కోసం రంధ్రాలున్నాయి. నీళ్లకి దారి చెప్పాలా.

"ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు మాస్టారు. "ముందు ఎన్ని చుక్కలకి ఆగుతుందో చూద్దాం."

"మాస్టారూ, లోపల మనుషులున్నారు."

"ఉంటే ఉండనీండి, నేనేం..." అని ఆయనకే తన మాట వినబడి తలొంచుకున్నాడు.

మేనేజరమ్మ మెయిన్ స్విచ్చి కట్టేసింది. మాస్టారు బ్రేకు మీట ఎత్తి పట్టుకుంటే, ఆవిడ చేతి చక్రం తిప్పుతూ లిఫ్టుని కొద్దికొద్దిగా మూడో అంతస్తుకి దించింది. తలుపులు తెరిచేసరికి హస్తవాసి భార్య, "పక్కకి జరగండి, దిగేవాళ్లకి దారివ్వండి" అని అలవాటు కొద్దీ అనబోయి, నొప్పికి ఆపుకుంది.

మెట్ల మీద పరుగెత్తుకుంటూ వస్తూ ఆయమ్మ ఎదురైంది. పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఫోన్లు ఎత్తేదీ ఆవిడే, గుడ్డలుతికేదీ ఆవిడే. చేతిలో ఖాళీ బకెట్టు. హస్తవాసిని గళ్ల చొక్కాలో చూసి మొదట పోల్చుకోలేదు. పోల్చుకున్నాక బకెట్టు జారి మూడంతస్తులూ దొర్లుకుంటూ పోయింది.

"అన్నా, నువ్వు ఫోన్ చెయ్యలేదుగా" అంది ఏడుపు గొంతుతో.

పది నిమిషాల్లో అంతా పళ్ల డాక్టరు గదిలో చేరారు. మేనేజరమ్మ ఆరు గౌన్లూ ఆయన బల్ల మీద పడేసింది.

"ఇవెవరివి?"

డాక్టరు ఒకటి వేళ్లతో తడిమి చూశాడు. "నావే. ఇంకా ఆరలేదే" అన్నాడు ఆయమ్మ వైపు తిరిగి. "ఎప్పుడూ గంటలో ఆరబెట్టి తెస్తావు కదా."

"డాబా మీద పావురాలు పాడు చేస్తున్నాయని మీరే తిట్టారు కదండీ" అంది ఆయమ్మ. "ఆ గది వెచ్చగా ఉంటుంది, పావురాలు రావు. అక్కడ ఆరేస్తే మెకానిక్కన్న కోప్పడతాడని ఆయన వచ్చేలోపు తీసేస్తున్నా. గుడ్డలకీ లిఫ్టుకీ ఏంటి సంబంధం? అవి తాడు మీదుంటాయి, ఇది కదా కింద తిరిగేది."

"మరి ఆ ఫోటో?" అన్నాడు మాస్టారు ఆత్రంగా.

"ఆ చూపుకి మొన్నంతా పైకెళ్లలేకపోయానండీ. పాపం చేస్తున్నట్టుండేది. గుడ్డలు గుట్టపడిపోయాయి. నిన్న గోడ వైపు తిప్పి వెళ్లా. ఇవాళా తిప్పా."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. "అయితే మనసే" అని గొణిగాడు. "లిఫ్టుని నడిపింది మనసే. మనం వెతికింది తప్పు మనిషిలో."

మేనేజరమ్మ హస్తవాసి వైపు తిరిగింది. "లోపం దొరికింది. కానీ దొరికింది నాకు. మీకు కాదు. పదహారుసార్లు ఆ పెట్టె తెరిచారు. తడి లేకపోవచ్చు, మరకైనా ఉండదా?"

"తెల్ల మచ్చలుండేవండి" అన్నాడతను. దాచడం అతనికి చేతకాదు. "బల్లి పనేమో అనుకుని తుడిచేసేవాణ్ని."

"సబ్బు మరకలవి. బల్లి ఎప్పుడైనా కనబడిందా?"

"లేదండి. నేనొస్తే అదీ సర్దుకుంటుందనుకున్నా."

గోడౌను రేకుల మీద ఎండ అతని కళ్ల ముందు మెరిసింది. భార్య బుగ్గ మీంచి చెయ్యి తీసి అతని చెయ్యి పట్టుకుంది.

ఆయమ్మే మళ్లీ నోరు తెరిచింది. "అన్న తప్పేముందమ్మా. అరగంట ముందు ఫోన్ చేసి చెబుతాడు. ఫోను పెట్టేసి నేను పైకెళ్లి గుడ్డలు తీసి, పెట్టె మీద చెమ్మ తుడిచి, తాళం మేకుకి తగిలించి దిగేదాన్ని. మోటారు వేడికి లోపల తడీ ఆరిపోయేది. ముందైతే చెప్పాపెట్టకుండా ఊడిపడేవాడు. అప్పుడు అక్కడ ఆరెయ్యాలంటే నాకు గుండె ఎక్కడుండేది? ఈ ఫోన్లొచ్చాకే ధైర్యమొచ్చింది."

మేనేజరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "ఫోన్ చేసి రమ్మని మీకెవరు చెప్పారు?"

హస్తవాసి తన బూట్ల వైపు చూశాడు.

"చెప్పండి."

"మీ సర్క్యులరేనండి. చెప్పకుండా వెళ్తే మర్యాదగా ఉండదని."

"ఎప్పుడిచ్చాను?"

"ఎనిమిది నెలలైందండి."

మేనేజరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. అవతలి మేడ, దాని అవతల ఇంకో మేడ. అన్నిట్లోనూ లిఫ్టులున్నాయి. ఆవిడ సంచీలోంచి ఇంకో కట్ట కాగితాలు తీసింది. వేరే మెకానిక్కులవి, వేరే మేడలవి. అన్నిటి మీదా అదే ముక్క. ఆవిడ కట్టని రెండుసార్లు తిరగేసి హస్తవాసి చేతిలో పెట్టింది.

"రేపటి నుంచి ఈ పదకొండు మేడలూ మీవి. ఫోన్లు లేవు. యూనిఫాం లేదు. చెప్పాపెట్టకుండా ఊడిపడండి."

"మరి గోడౌను..."

"గోడౌనుకి నేను వేరే మనిషిని చూసుకుంటా" అని ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ వెళ్లేటప్పుడు నవ్విందని ఆయమ్మ అంటుంది, మాస్టారు కాదంటాడు.

డాక్టరు ఆ పూట ఇంకెవర్నీ చూడలేదు. గౌను లేకుండా, మారుమాట లేకుండా హస్తవాసి భార్య పన్ను ఒక్కటీ శ్రద్ధగా చూశాడు. ఆ గంటలో హస్తవాసి పైకెళ్లి కంట్రోలు పెట్టె తుడిచి, ఆరబెట్టి, వాచ్‌మన్ దగ్గర అడిగి తెచ్చిన పనిముట్లతో రంధ్రాల మీద నీళ్లు పడకుండా రేకు వంచి బిగించాడు. తాడు విప్పి ఆయమ్మకిచ్చాడు. ఒక కాగితం మీద మొదటిసారి లోపమేంటో రాసి జేబులో పెట్టుకున్నాడు. మోటారు మీద చెయ్యి వెయ్యబోయి, ఏమడగాలో తోచక తీసేశాడు.

భార్య సగం మొద్దుబారిన మూతితో బయటికొచ్చింది. లిఫ్టు తలుపు తెరిచి ఉంది.

"నువ్వొక్కదానివే ఎక్కు" అన్నాడతను.

ఆవిడ కళ్లతోనే ఎందుకని అడిగింది.

"నేను లేకుండా నడుస్తుందో లేదో చూడాలి. ఆగినా భయపడకు, వచ్చేస్తా."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, ఎక్కింది. తలుపులు మూసుకున్నాయి. అతను మెట్ల మీదుగా దిగడం మొదలెట్టాడు. తొందరపడలేదు. రెండో అంతస్తు మలుపులో ఆగి, గోడకి వీపు ఆనించి, చెవులు రిక్కించాడు. ఆగకూడదు. ఆగితే రేకు బిగించడం తప్పయినట్టు, తను రాసింది తప్పయినట్టు, పదకొండు మేడలూ పోయినట్టు. అదంతా తెలిసి కూడా, ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, అది తన కోసం ఆగితే బాగుండునని అతనికి అనిపించింది.

గోడ వెనక తాళ్లు జరజరమంటూ సాగిపోయాయి. ఎవరి కోసమూ ఆగలేదు.

అతను కిందికి చేరేసరికి భార్య మందుల చీటీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంతసేపా" అంది సగం నోటితో.